తేలు బొమ్మ డాలు

కాక చనిపోయిన వారంలోనే ఆయన కొడుకు నాకు ఫోన్ చేశాడు.

"దినాలకు ఫ్లెక్సీ కొట్టియ్యాలె సారూ. ఇంట్ల బాపు ఫోటో సక్కటిది ఒక్కటి దొరుకుత లేదు. నీ కాడ నాటకాలయి ఉంటయి గద, జర చూడు."

నా దగ్గర చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటి తెరిచి చూస్తుంటే అతని ఇబ్బంది ఏమిటో అర్థమైంది. ప్రతి ఫోటోలోనూ ఆయన ఎవరినో కొట్టబోతున్నట్టే ఉన్నాడు. ఎడమచెయ్యి ఎక్కడా కనపడదు. తువ్వాల కింద ఉంటుంది, పక్కవాడి వీపు వెనక ఉంటుంది, లేదంటే శాలువాలో ఉంటుంది. చివరికి ఒకటి పంపాను. అందులో ఆయన పెద్ద గుండ్రటి డాలు వెనక నిలబడి, గడ్డం దాని అంచుకు ఆనించి, సూటిగా చూస్తున్నాడు. డాలు మీద ఎర్రటి తేలు.

కాసేపటికి మెసేజ్ వచ్చింది. "గిది బాపు లెక్కనే ఉన్నది. గిదే ఏపిస్త."

మా నాటక బృందంలో అందరం ఆయన్ని కాక అనే పిలిచేవాళ్లం. వరంగల్ కొత్తవాడలో పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేసిన మనిషి. ఎడమచేతి నాలుగు వేళ్లు మగ్గంలోనే పోయాయి. బొటనవేలు, అరచేతిలో కొంత మిగిలాయి. ఈ సంగతి ఆయన నోటి నుంచి మేమెవరం వినలేదు. బస్తీ అంతటికీ తెలుసు కనక మాకూ తెలుసు. ఎవరైనా ఆ తువ్వాల వైపు రెండోసారి చూస్తే, కాక దాని కొసను కొంచెం ఎత్తి, "చూస్తవా? దా, దగ్గరికొచ్చి చూడు" అనేవాడు. అలా అన్నాక ఎవరూ దగ్గరికి వెళ్లలేదు.

ఆయన పక్కన ఉంటే గాలి కూడా బిగుసుకున్నట్టుండేది. ఏం చెప్పినా మొదటి మాట ఒకటే, "ఎవడు చెప్పిండు?" వాన వచ్చేట్టుంది కాకా అంటే, ఎవడు చెప్పిండు. హాలు బుక్కయింది అంటే, ఎవడు చెప్పిండు. మనం చూసిందాన్నే మనం మళ్లీ అనుమానించేలా అడిగేవాడు. రిహార్సల్‌కు ఎవరైనా ఆలస్యంగా వస్తే, చెబుతున్న డైలాగు మధ్యలో ఆపి, వాళ్లు చెప్పులు విడిచి కూర్చునేదాకా చూస్తూ ఉండేవాడు. ఒక్క మాటా అనడు. ఆ చూపుకు జడిసి ఒకతను మానేశాడు కూడా.

మేకప్ గదిలో ఆయన చొక్కా గుండీలు పెట్టుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. అందరి మధ్యా నిలబడి, ఒంటిచేత్తో, పైనుంచి కిందికి, తొందరపడకుండా పెట్టుకునేవాడు. అప్పుడు గదిలో మాటలు ఆగిపోయేవి. అందరం మా మీసాలూ, మా తలపాగాలూ చూసుకుంటున్నట్టు నటించేవాళ్లం. స్టేజీ మీద చేసిన నటన కంటే ఆ గదిలో చేసింది ఎక్కువ.

కానీ గొంతు విప్పితే మటుకు వేరే మనిషి. రాజు వేషమైనా, బిచ్చగాడి వేషమైనా ఒంటి మీద శాలువా ఒకటి ఉంటే చాలు. ఆయన నిలబడ్డ చోటే ఊరు పుట్టేది. నేను ప్రభుత్వ పాఠశాలలో సోషల్ పాఠాలు చెబుతాను. నాటకాలు రాయడం నా పిచ్చి. నిజం చెప్పాలంటే కొన్నేళ్లుగా నేను రాసిన ప్రతి ముఖ్య పాత్రకూ ఒక శాలువా కూడా రాసేవాణ్ని.

ఒక ఏడాది నాటక పోటీలకని ఒక గ్రీకు సిపాయి కథ రాశాను. పాతకాలపు గ్రీకు ఊళ్లల్లో డాలు పారేసి యుద్ధం నుంచి పారిపోయి రావడం కంటే సిగ్గుచేటు లేదు. అలా వచ్చిన ఒకడు నా నాయకుడు. ఊరు వాడి ముఖం చూడదు, కొడుకు వాడితో మాట్లాడడు. చివర్లో శత్రువులు ఊరి మీదికి వస్తే వాడు ఒక్కడే వాకిట్లో చేతులు చాపి నిలబడతాడు. అక్కడితో అయిపోతుంది. తండ్రి పాత్ర కాకది. కొడుకు పాత్ర మడికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒక పాతికేళ్ల కుర్రాడిది. ఆఫీసు నుంచి నేరుగా బ్యాగుతో వచ్చేవాడు. మంచివాడు. మనసులో ఏది వస్తే అది నోట్లోకి వచ్చేది.

మా రిహార్సళ్లు కొత్తవాడలో మూతపడ్డ ఒక పవర్‌లూమ్ షెడ్డులో జరిగేవి. మొదటిసారి చివరి అంకం చదివినప్పుడు కాక అడ్డుపడ్డాడు.

"డాలు ఇడిసిపెట్టి ఉరికొచ్చినోడు. మల్ల ఒట్టి చేతులతోని నిలవడితే ఏం లాభం సారూ? వాడు డాలు ఎత్తాలె. ఎత్తితేనే లెక్క."

ఆయన చెప్పింది నిజం. అందరికీ నచ్చింది. ఉత్సాహం ఆగక, అట్టముక్కతో చేసింది కాదు, అసలు గ్రీకు డాలు లాంటిదే చేయిద్దాం అన్నాను. ఒక పాత పుస్తకంలోని బొమ్మను పట్టుకుని వడ్రంగి దగ్గరికి వెళ్లాను. చెక్క బద్దలు అతికించి, లోపలికి లోతుగా తొలిచి, పెద్ద గిన్నెలాంటి డొప్ప తయారుచేశాడు. ఇత్తడి బిందెలు చేసేవాళ్ల దగ్గర చుట్టూ అంచు వేయించాను. మిగతాదంతా మేమే చేసుకోవాలి. లోపల తోలు, చెయ్యి దూర్చే పట్టీ, చుట్టూ తాడు, కింద వేలాడే గుడ్డ, పైన బొమ్మ.

డొప్పను షెడ్డు మధ్యలో బోర్లిస్తే అందరూ చుట్టూ చేరారు. నేను దాన్ని వెల్లకిలా తిప్పి సుద్దముక్కతో లోపల గీతలు గీస్తూ చెప్పుకుపోయాను. మన డాళ్లలాగా మధ్యలో పిడి ఉండదు. నడుమ ఇత్తడి పట్టీ ఉంటుంది, ఎడమచెయ్యి అందులోంచి మోచేతి దాకా పోతుంది. ఇక్కడ అంచు దగ్గర తాడు ఉంటుంది, దాన్ని వేళ్లతో గట్టిగా...

అక్కడ నా నోరు ఆగిపోయింది. అప్పటికే ఆలస్యమైంది. అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. సుద్దగీత వైపు చూస్తూ నిలబడ్డాం.

మడికొండ కుర్రాడు మెల్లగా అన్నాడు. "కాకా, ఆఖరి సీన్ల డాలు నేను పట్టుకొని నీ పక్కన నిలవడ్త. నువ్వు డైలాగులు చెప్పు. మస్తుంటది."

"ఎవడు చెప్పిండు?"

"ఎవలు చెప్పలే కాకా. నాకే అనిపించింది."

కాక అతన్ని చాలాసేపు చూశాడు. తర్వాత వంగి, కుడిచేత్తో డొప్ప అంచు పట్టి ఎత్తి, గంప బోర్లించుకున్నట్టు నెత్తిన పెట్టుకుని బయటికి నడిచాడు. మేము తలుపు దగ్గరికి వచ్చి చూస్తే, కొత్తవాడ సందులో ఆటోలు పక్కకు తప్పుకుంటున్నాయి.

మర్నాటి నుంచి రిహార్సల్‌కు వేళకే వచ్చేవాడు. డాలు మాత్రం తెచ్చేవాడు కాదు. దాని ఊసు ఎవరం ఎత్తలేదు. ఆ కుర్రాడితో మాట మానేశాడు. కొడుకుతో చెప్పాల్సిన డైలాగులన్నీ అతని తల పైనుంచి గోడకు చెప్పేవాడు. అతన్ని కదలమనాలంటే నాతో, "సారూ, గా లాప్‌టాపును జర పక్కకు జరుగుమను" అనేవాడు. అతను రెండుమూడుసార్లు మాట కలపబోయాడు. ఒకరోజు ఎదురుగా వెళ్లి, "తప్పయింది కాకా" అన్నాడు కూడా. కాక అతని పక్కనుంచి, స్తంభం పక్కనుంచి వెళ్లినట్టు వెళ్లిపోయాడు.

పోటీల తేదీ దగ్గరపడింది. బృందంలో గుసగుసలు మొదలయ్యాయి. డాలు తయారవుతోందో లేదో తెలియదు. ఆయన ఎత్తగలడో లేదో తెలియదు. ఎత్తలేకపోతే చివరి అంకం లేదు. నాటకం మీరు రాసిందే కాబట్టి మీరే వెళ్లి అడగండి అన్నారు. ఒక ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాను.

ముందుగదిలో కాక నేల మీద కూర్చుని ఉన్నాడు. డాలు వెల్లకిలా పడి ఉంది, ఒక కాలు దాని లోపల పెట్టి కదలకుండా తొక్కి పట్టాడు. తోలు లోపలంతా అతికించాడు. ఇప్పుడు అంచు వెంబడి కుడుతున్నాడు. సూది గుచ్చడం, పళ్లతో పట్టి లాగడం, మోకాలితో నొక్కి ముడి వెయ్యడం. ప్రతి కుట్టుకూ మెడనరాలు తేలుతున్నాయి. తోలు కొస జారిపోతుంటే పట్టుకుందామని నేను వంగాను.

"చెయ్యి తియ్యి."

తీశాను. ఆయన కుట్టు పూర్తిచేసి, దారం తెంపి, అప్పుడు కూర్చోమన్నాడు.

చుట్టూ తాడు బిగించాడు. లోపలి అంచు వెంబడి అక్కడక్కడా ఇత్తడి మేకులకు కట్టి మధ్యలో ఉచ్చుల్లాగా వదులుగా వదిలాడు. ప్రతి మేకు దగ్గరా ఎర్రనూలు కుచ్చులు. పుస్తకంలో అచ్చం అలాగే ఉంది. డాలు కింద కాళ్లకు బాణాలు తగలకుండా వేలాడే గుడ్డ కోసం ఎవరో చుట్టాల మగ్గం మీది జంపఖానా ముక్క తెచ్చాడు. నలుపు, ఎరుపు చారలు. చేత్తో పడితే గోనెసంచికన్నా మందంగా ఉంది.

"గీ గుడ్డలకెల్లి బాణం వోతదా సారూ? నా నమ్మకమైతే పోదు."

డాలును గోడకు నిలబెట్టి ముందువైపు చూపించాడు. నల్లరంగు మీద ఎర్రతేలు. కొండీ పైకి లేచి అంచు దాకా పోయింది. గణుపు గణుపుకూ సన్నటి తెల్లగీత. ఏం బొమ్మ వెయ్యాలన్న మాట మొదట వచ్చినప్పుడు మాలో ఒకరు కాకతీయ తోరణం వేద్దామన్నారు. "కొట్లాటకు పోయేటోడు టూరిజం బోర్డు పట్టుకపోతడా?" అన్నాడు కాక. నేను గుర్రం అన్నాను. దానికి జవాబే చెప్పలేదు.

"తేలెందుకు కాకా?"

"తేలు కనవడ్డదనుకో, ఎంత పైల్మానైనా కాలు ఎనుకకు పెడ్తడు. గంతే."

తర్వాత గొంతు తగ్గించి, నా ముఖంలోకి చూస్తూ అన్నాడు.

"నిజం చెప్పు సారూ. నన్ను మార్చాలనే వచ్చినవా?"

"కాదు. డాలు చూద్దామని వచ్చిన."

"చూసినవ్ గద. ఇగ నన్ను జూడు."

తువ్వాల తీసి పక్కన పెట్టాడు. నా ఎదుట అలా చెయ్యడం అదే మొదటిసారి. చూడాలో, చూడకూడదో తెలియలేదు. ఆయన ఎడమచెయ్యి ఇత్తడి పట్టీలోంచి దూర్చాడు. తాడు పట్టుకోవాల్సిన చోట, మణికట్టును బిగించడానికి డాలుకు ఒక తోలుబెల్టు కుట్టుకున్నాడు. కుడిచేత్తో దాని కొస లాగి, బకిల్ చివరి రంధ్రంలోకి ఎక్కించాడు. లేచి నిలబడ్డాడు. డాలు పై అంచు భుజం మీద ఆనింది. మూల ఉన్న కర్ర వైపు గడ్డం చూపించి అన్నాడు.

"కొట్టు."

"కాకా..."

"కొట్టుమంటాన."

మెల్లగా కొట్టాను.

"గిది కొట్టుడా? పిల్లగాండ్లను కొడ్తవ్ గద బడిల, గట్ల కొట్టు."

నేను పిల్లల్ని కొట్టను. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. రెండుచేతులా ఎత్తి కొట్టాను. డాలు కదల్లేదు. ఆయన ముఖం మాత్రం నల్లబడింది. బెల్టు విప్పాక చూస్తే మణికట్టు చుట్టూ చర్మం కమిలి ఉంది.

"బెల్టు బాగ బిగువుగున్నది. వదులు చెయ్యి" అన్నాను.

"వదులు చేస్తే డాలు తిరుగుతది. నాకేం కాదు. నువ్వు ఫికర్ చెయ్యకు."

పోటీలు హన్మకొండలో ఒక హాల్లో. మా వంతు సాయంత్రం వచ్చింది. హాలు సగానికి పైగా నిండింది. అక్కడ తెర మోటారుతో నడుస్తుంది. దాని బటన్ స్టేజీకి కుడివైపు గోడకు ఉంది. తెరను లాగే తాడు, దానికున్న కొక్కెంతో సహా, ఎడమవైపు వింగులో, అంటే స్టేజీ పక్క చాటున, కిందినుంచి పైకి పోయి ఒక చక్రానికి చుట్టుకుంటుంది. బటన్ దగ్గర ఉండే మనిషి ఏదో పని మీద వెళ్తుంటే మడికొండ కుర్రాడు, "నేను చూస్కుంట" అన్నాడు. చివరి అంకానికి ముందు అతనికి వేషం మార్చుకునే పని లేదు.

నేను హాల్లో ముందువరస పక్కన సౌండ్ దగ్గర ఉన్నాను. అంతకుముందు అంకం అయిపోయింది. డప్పుల మోత పెట్టాను. తెర రెండువైపుల నుంచీ మూసుకోవడం మొదలైంది. మధ్యలోని సందులోంచి ఎడమవైపు వింగు ఇంకా కనిపిస్తోంది. కాక అప్పటికే డాలు కట్టుకుని, కుడిచేతిలో ఈటెతో, తాడుకు దగ్గరగా నిలబడి ఉన్నాడు.

డాలు కొంచెం పైకి లేచింది. సీను కోసం సిద్ధమవుతున్నాడనుకున్నాను. ఇంకా లేచింది. ఈటె కిందపడింది. అప్పుడు చూశాను. పైకి పోతున్న తాడుకున్న కొక్కెం డాలు లోపలి ఉచ్చులో తగులుకుంది. మోటారు తాడును లాగుతోంది, తాడు డాలును లాగుతోంది, డాలుకు ఆయన చెయ్యి కట్టేసి ఉంది. కుడిచేత్తో బకిల్ కోసం పెనుగులాడుతున్నాడు. బరువంతా బెల్టు మీద పడ్డాక బకిల్ ఎలా వస్తుంది? కాలిమడమలు నేల వదిలాయి. పైన చక్రం.

ఆయన అవతలి వింగు వైపు చూస్తున్నాడు. బటన్ దగ్గరున్న కుర్రాడి వైపు. ఆ కుర్రాడు తెర రెండు కొసలు కలిసే చోటు చూస్తున్నాడు, ఆయన్ని చూడటం లేదు. కాక నోరు మూసుకునే ఉంది. పళ్లు బిగించి ఉన్నాడు. అరవాలన్న ఆలోచనే లేనట్టు అతన్నే చూస్తున్నాడు. నేను లేచాను. ఏదో అరిచాను. నేను పెట్టిన డప్పుల్లో నా గొంతు నాకే వినపడలేదు.

అప్పుడు ఆయన అరిచాడు.

"బిడ్డా! బంద్ చెయ్ రా బిడ్డా! బంద్ చెయ్!"

అంత మోతలోనూ ఆ గొంతు హాలు చివరి వరుస దాకా వెళ్లింది. తెర గుంజుకుని ఆగిపోయింది.

నేను స్టేజీ ఎక్కేసరికి కుర్రాడు కాక దగ్గరికి చేరాడు. డాలును తన భుజానికెత్తుకుని బరువు ఆపుతున్నాడు. మిగతావాళ్లు డాలు ఉచ్చులోంచి కొక్కెం తప్పించారు. ఎవరో కత్తెర తెచ్చారు.

"కొయ్యకు" అన్నాడు కాక. ఊపిరి అందడం లేదు. "మల్ల కట్టాలె."

కుర్రాడు డాలును ఒంటి మీదే మోస్తూ ఒక చేత్తో బకిల్ విప్పాడు. చెయ్యి బయటికి వచ్చింది. మణికట్టు దగ్గర చర్మం లేచి రక్తం కారుతోంది, కింద మిగిలిన అరచెయ్యి నీలంగా మారింది. తువ్వాల లేదు, శాలువా లేదు. మేమంతా నిలబడి చూస్తున్నాం. కుర్రాడు ఆ చేతిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతున్నాడు. కాక చెయ్యి లాక్కోలేదు. కాసేపటికి అరచేతిలోకి రంగు వచ్చింది.

"దవాఖానకు పోదాం కాకా" అన్నాను.

"తెర తియ్యమను." కుర్రాడి వైపు తిరిగాడు. "నువ్వు కట్టు బిడ్డా. ఒక్క రంధ్రం వదులు."

కుర్రాడు తన రుమాలు మణికట్టుకు చుట్టి దాని మీద బెల్టు కట్టాడు. నేను వెళ్లి సౌండ్ దగ్గర నిలబడ్డాను. తెర తీశారు. వదులు చేసిన బెల్టుకు డాలు కొంచెం ఊగింది. ఊగుతూనే ఉంది. కానీ ఆయన కొడుకుతో చెప్పాల్సిన మాటలు ఆ సాయంత్రం గోడకు చెప్పలేదు.

మాకు బహుమతి ఏదీ రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మాత్రం బయటికి వెళ్తూ, డాలు ఎక్కడ అద్దెకు తెచ్చారని అడిగాడు.

సామాన్లు ఆటోలోకి ఎక్కిస్తుంటే కాక హాలు మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. నన్ను చేత్తో పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 

"గా దినం నేను అరువలే సారూ."

"ఏ దినం?"

ఎడమచెయ్యి కొంచెం ఎత్తి చూపాడు.

"అంగీ చెయ్యి మగ్గం పండ్లచక్రంల వడ్డది. నా మగ్గం హ్యాండిల్ అవుతల దిక్కున్నది, అందుత లేదు. షెడ్డు మొత్తం బంద్ చేసే మెయిన్ బటన్ కాడ నా దోస్తున్నడు. పేరు వెట్టి ఒక్క కేక ఏస్తే అయిపోతుండె. పొద్దుగాల్ల ఇద్దరికి లొల్లయింది. చాయ్ తెచ్చే వంతు ఎవనిదని. ఇగ మాట్లాడొద్దనుకున్నం."

"అందుకని పిలవలేదా?"

"పిలువబుద్ది కాలే. వాణ్ని పిలుద్దునా, నేనే గుంజుకుందునా అని సోంచాయించిన. ఎంతసేపు సారూ, ఒక్క గుక్క. గా గుక్కలనే పోయింది." తల అడ్డంగా ఊపాడు. "తర్వాత అందరు వాణ్నే తిట్టిండ్రు. కండ్లు మూసుకున్నవా అన్నరు. వాడు పని ఇడిసిపెట్టి పోయిండు. నేను నోరు తెరిచి, వాని తప్పు లేదు, నేనే పిలువలేదని చెప్పలే. ఇన్నేండ్లు చెప్పలే."

కాక మణికట్టు మీది రుమాలు సర్దుకున్నాడు.

"ఇయ్యాల సుత గట్లనే పిలగాని దిక్కు జూసుకుంట ఉన్న. చక్రం మీదికొస్తాంది. అయినా నోరు వస్తలేదు. ఏం మనిషిని సారూ నేను?"

ఆ వారం నడుమనే నాకు ఫోన్ చేశాడు. "ఆదివారం స్కూటర్ తీస్కొని రా. ఖిలా వరంగల్ పోదాం." ఎందుకో అడగలేదు.

కోట లోపల మట్టికట్ట పక్కన చిన్న పెంకుటిల్లు, ఇంటి ముందు ఆకుకూరల మళ్లు. కాక వయసు మనిషే ఒకడు లుంగీ ఎగ్గట్టి, పైపుతో పాలకూర మడికి నీళ్లు పెడుతున్నాడు. మమ్మల్ని చూశాడు. కాకను గుర్తుపట్టడం నాకు తెలిసింది, ఎందుకంటే చేతిలో పైపు ఒక్క క్షణం పక్కకు తిరిగింది. మళ్లీ తల వంచుకుని నీళ్ల వైపే చూశాడు.

కాక గట్టు మీదే నిలబడ్డాడు. పలకరింపు లేదు, బాగున్నవా లేదు.

"గా దినం నేను నిన్ను పిలువలే. చెప్పి పోదామని వచ్చిన. నీ తప్పేం లేదు. పిలిస్తే నువ్వు బంద్ చేస్తుంటివి. నేనే పిలువలే."

ఆ మనిషి తల ఎత్తలేదు. నీళ్లు మడి నిండి గట్టు మీదికి వస్తున్నాయి. ఆ నీళ్లకే చెబుతున్నట్టు అన్నాడు.

"నేను జూసిన."

"ఏం జూసినవ్?"

"నీ అంగీ వట్టుకున్నది జూసిన. బటన్ మీద చెయ్యి వెట్టిన." చేతిలో పైపును ఒత్తాడు. "వెట్టి ఆగిన. పిలుస్తడు గద అనుకున్న. ఒక్కపారి నా పేరు వెట్టి పిలువనియ్యి, నొక్కుదాం అనుకున్న."

నేను కాక వైపు చూశాను. ఆయన కుడిచెయ్యి పిడికిలి అయింది. కొడతాడనే అనుకున్నాను. కొడితే ఆపగల బలం నాకు లేదు, ఆపే హక్కూ లేదు. ఆ మనిషి కూడా అదే అనుకున్నాడేమో, పైపు వదిలేసి చేతులు కిందికి జార్చి, దెబ్బకు ముఖం ఇచ్చినట్టు నిలబడ్డాడు. పైపు నేల మీద పడి మా చెప్పుల మీదికి నీళ్లు చిమ్ముతోంది. ఎవరూ కదల్లేదు.

కాక పెదాలు రెండుమూడుసార్లు కదిలాయి. చివరికి మాట వచ్చింది.

"చాయ్ వంతు నీదే ఉండె."

ఆ మనిషి కళ్లెత్తి మొదటిసారి కాక ముఖం చూశాడు.

"నాది కాదు. ముందటి దినం తెచ్చింది నేనే."

"ముందటి దినం షెడ్డే బంద్. కరెంటు లేకుండె."

"కరెంటు లేకున్నా చాయ్ తాగినం గద. ఎవడు తెచ్చిండు? నువ్వు తెచ్చినవా?"

"నేనే తెచ్చిన! చాయ్ వడి చెయ్యి కాలిందని సుత నీకు చూపెట్టిన!"

"గది దానికి ముందటి వారం!"

నేను వంగి పైపు తీసి పక్క మడిలో పెట్టి, మెల్లగా బయటికి వచ్చి స్కూటర్ మీద కూర్చున్నాను. లోపల గొంతులు పెరుగుతున్నాయి. ఇద్దరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు, ఒకరు చెప్పేది ఒకరు వినడం లేదు. ఒకసారి కాక గొంతు వణికింది, తర్వాత అవతలాయనది వణికింది, మళ్లీ ఇద్దరూ అంతకన్నా గట్టిగా అందుకున్నారు. పక్క ఇంట్లోంచి ఒకామె చేట చేత్తో పట్టుకుని గాబరాగా బయటికొచ్చింది.

"ఏమైంది అన్నా? ఏం లొల్లి? కొట్టుకుంటాండ్రా?"

"ఏం లేదక్కా. మాట్లాడుకుంటాండ్రు" అన్నాను.